కరెంటు చక్రాల కుర్చీ: ఇంటివారికి నాలుగు మాటలు

అమ్మా, అయ్యా, మడత పెట్టే కరెంటు కుర్చీ ఇంటికి రాగానే అందరూ బ్యాటరీ గురించే అడుగుతారు. నేను ముందు అందులో కూర్చునే మనిషి గురించి చెబుతాను.

వెన్నుపాము దెబ్బతిన్నవారికి పిరుదుల దగ్గర స్పర్శ ఉండకపోవచ్చు. పుండు పడుతున్నా నొప్పి తెలియదు. కుర్చీ ఆయన్ను ఊరంతా తిప్పుతుంది గాని కూర్చున్న చోట బరువు తగ్గించదు. అందుకని 15 నుంచి 30 నిమిషాలకోసారి ఒక పక్కకు, తర్వాత రెండో పక్కకు వంచి, ఒకటి రెండు నిమిషాలు అలాగే ఉంచండి. చాలామంది గాలి ట్యూబు వేస్తారు, అది వద్దు. దాని అంచు ఒత్తిడికి రక్తం సరిగా ఆడదు. రోజూ రాత్రి పిరుదులు, తోక ఎముక, మడమలు చూడండి. వేలితో నొక్కినా పోని ఎరుపు ఉంటే అక్కడ బరువు పడనివ్వక, ఆస్పత్రికి తీసుకురండి. నల్లని ఒంటిమీద ఎరుపు కనపడదు, వేడిగా గట్టిగా ఉందేమో చేత్తో తాకి చూడండి.

ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు స్విచ్ ఆపండి. కాళ్ల పలక మీద నిలబడనివ్వకండి, కుర్చీ ముందుకు తిరగబడుతుంది. మోటారు పిడి చేత్తో తోసే వైపు ఉంటే బ్రేకు పట్టదు, వాలులో జారిపోతుంది. కొంగు, తువ్వాలు చక్రంలో పడకుండా చూసుకోండి.

వానకు మన నల్లరేగడి చక్రాలకు ముద్దగా అంటుకుంటుంది. తడిగుడ్డతో తుడవండి, గొట్టంతో నీళ్లు కొట్టకండి. సీసం బ్యాటరీ అయితే వాడిన రోజే ఛార్జి పెట్టాలి. రెంటచింతల వైపు ఎండలు తెలిసినవే కదా, బ్యాటరీని రేకుల షెడ్డులో ఉంచకండి.