పురిటింటి ఆపదలు - ముందు తెలియు గుర్తులు



కాన్పు స్త్రీకి పునర్జన్మ యని పెద్దలు చెప్పుదురు. పూర్వము పురిటింట మరణము సంభవించినచో విధివ్రాత యని సరిపెట్టుకొనెడివారు. నేడు ఆ మాట చెల్లదు. గర్భిణులకును, బాలింతలకును వచ్చు ఆపదలలో పెక్కింటికి గుర్తులు గలవు, చికిత్సయు గలదు. కొరవడునది కాలమొక్కటే.

ఆపదలలో మొదటిది రక్తస్రావము. నెలలు నిండిన గర్భిణికి గర్భాశయములోనికి నిమిషమునకు అర లీటరుకు పైగా రక్తము ప్రవహించుచుండును. శిశువు పుట్టి మాయ విడివడిన పిమ్మట గర్భాశయము గట్టిగా ముడుచుకొని, తెరచుకొన్న రక్తనాళములను నొక్కి మూసివేయును. అది ముడుచుకొననిచో, లేక మాయ ముక్క లోపల మిగిలినచో, రక్తము ధారగా పోవును. రెండు గంటలలోనే ప్రాణము పోవచ్చును. అందుచేతనే శిశువు పుట్టిన నిమిషములోపల తల్లికి ఆక్సిటోసిన్ అను మందు 10 యూనిట్లు ఇంజక్షనుగా ఇచ్చెదరు. కాని నొప్పులు త్వరగా రావలెనని కాన్పుకు ముందే ఈ మందును ఇంటివద్ద వేయించుట మహాపాయకరము, గర్భాశయము చిట్లవచ్చును.

గాదె నిండుగా నున్న ఇంటికి ఒక యేటి కరవు తెలియదు. అడుగంటిన గాదెకు కొద్ది దినములే చాలును. రక్తహీనత గల స్త్రీ స్థితి యట్టిది. ఇతరులు తట్టుకొనగల రక్తస్రావమే ఆమెకు ప్రాణాంతకమగును. గర్భిణికి హీమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గరాదు. బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు, ఈస్టు సారముతో అది నయమగుచున్నదని 1931లో ప్రకటించెను. అందలి గుణకారి ఫోలిక్ ఆమ్లమని పిమ్మట తేలెను. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున, అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలవారు 1945లో దానిని కృత్రిమముగా తయారుచేసిరి. నేడు గర్భిణులకు ఉచితముగా నిచ్చు ఐరన్ మాత్రలో ఆ మందే కలదు. దినమున కొకటి చొప్పున గర్భకాలమున 180 దినములు, కాన్పు పిమ్మట మరి 180 దినములు వాడవలెను. మాత్ర మ్రింగినచో బిడ్డ నల్లగా పుట్టునను మాట వట్టి అపోహ. కాఫీ, టీలతో మాత్రము దానిని మ్రింగరాదు.

రెండవ ఆపద గుర్రపువాతము. ఫిట్లు వచ్చి, పండ్లు కరచుకొని, స్పృహ తప్పిన గర్భిణిని చూచి గాలి సోకినదని భూతవైద్యుని పిలిపించిన ఇండ్లు పెక్కులు. అది గాలియు గాదు, దయ్యమును గాదు. రక్తపుపోటు విషమించుటచే కలుగు వ్యాధి. అయిదవ నెల దాటిన పిమ్మట రక్తపుపోటు 140/90 గాని అంతకు మించి గాని యున్నచో జాగ్రత్తపడవలెను. కాళ్ళకు కొద్దిగా నీరు పట్టుట సామాన్యమే. కాని ముఖము, చేతులు వాచుట, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారుట, రొమ్ము క్రింద నొప్పి - వీనిలో ఏ ఒక్కటి కనబడినను ఆసుపత్రికి పోవలసినదే. మెగ్నీషియం సల్ఫేటు అను చౌకయైన మందుచే ఈ ఫిట్ల ప్రమాదము సగమునకు పైగా తగ్గునని, 33 దేశములలో పదివేలకు పైగా స్త్రీలపై జరిగిన పరిశోధన 2002లో నిరూపించినది. కాన్పైన కొలది దినములకును ఈ ఫిట్లు రావచ్చును గనుక బాలింతను సయితము కనిపెట్టియుండవలెను.

ఇవిగాక, గర్భకాలమున ఏ మాత్రము రక్తము కనబడినను, ఉమ్మనీరు ముందుగా పోయినను, బిడ్డ కదలిక తగ్గినను, నొప్పులు పండ్రెండు గంటలు దాటినను, బాలింతకు జ్వరముతో దుర్వాసనగల స్రావమైనను ఆలస్యము చేయరాదు.

తల్లుల మరణములకు మూడు ఆలస్యములు కారణమని థాడియస్, మెయిన్ అను పరిశోధకులు 1994లో వివరించిరి. పోవలెనని నిశ్చయించుటలో ఆలస్యము, ఆసుపత్రి చేరుటలో ఆలస్యము, చేరిన పిమ్మట చికిత్స లభించుటలో ఆలస్యము. రెండవదానిని తగ్గించుటకు 2005 నుండి 108 వాహనములు తెలుగునాట తిరుగుచున్నవి. మూడవది వైద్యుల బాధ్యత, ప్రభుత్వపు బాధ్యత. మొదటిది మాత్రము ఇంటిలోనే యున్నది. భర్త పొలమునుండి వచ్చినపిమ్మట చూతమనియు, తెల్లవారనిమ్మనియు అనుకొను ఆ గడియలలోనే ప్రాణము చేజారును.

భారతదేశమున లక్ష సజీవ జననములకు 2001-03లో 301 మంది తల్లులు మరణింపగా, 2018-20 నాటికి ఆ సంఖ్య 97కు దిగినది. ఆంధ్రప్రదేశమున 45, తెలంగాణమున 43. ఇది సంతోషింపదగిన విషయమే. కాని తల్లిని కోల్పోయిన పసికందునకు ఈ లెక్కలు ఓదార్పు కాజాలవు.

సీమంతమునకు చీర, గాజులు, పసుపుకుంకుమలు సమకూర్చు కుటుంబము ఆనాడే మరి నాలుగింటిని సమకూర్చుకొనవలెను: ఏ ఆసుపత్రికి పోవలెనో, ఏ వాహనము వచ్చునో, ఎవరి రక్తము సరిపడునో, యజమాని ఇంట లేనిచో నిర్ణయించువా రెవరో. గ్రంథాలయమున ఈ సంపుటము చదువువారు, చదువనేరని తమ ఇంటి పెద్దలకు ఈ గుర్తులను ఒక్కమారు చదివి వినిపింతురుగాక. ఆపదవేళ బయలుదేరుడని చెప్పవలసినది వారే.