మిత్రుని గాయము, శత్రువు ముద్దు

మెచ్చుకొనువాడు మిత్రుడు, తప్పు పట్టువాడు శత్రువు అని తలచుట మనకు సహజము. బైబిలులోని సామెతల గ్రంథము 27వ అధ్యాయము ఈ లెక్కను తలక్రిందులు చేయుచున్నది. మిత్రుడు చేసిన గాయమును నమ్మవచ్చును, శత్రువు పెట్టు ముద్దులను నమ్మరాదు అని అందలి భావము. గెత్సేమనే తోటలో యేసును పట్టియిచ్చుటకు యూదా ఏర్పరచుకొన్న గుర్తు ముద్దే కదా!

ఇక గాయము మాట. దావీదు రాజు ఊరియా భార్యయైన బత్షెబను చేపట్టి, ఊరియాను యుద్ధములో చంపించెను. నాతాను ప్రవక్త రాజు నెదుట నిలిచి, బీదవాని ఒక్క గొఱ్ఱెపిల్లను అపహరించిన ధనికుని కథ చెప్పెను. అట్టివాడు చావదగినవాడని రాజు మండిపడగా, ఆ ధనికుడు మరెవరో కాదు, రాజేయని ప్రవక్త తేల్చి చెప్పెను. దావీదు తప్పు ఒప్పుకొనెను. తరువాత బత్షెబయందు ఆయనకు కలిగిన కుమారులలో ఒకని పేరు నాతాను.

అయినను, మిత్రుని మాట కూడ త్రోవ తప్పినచో శత్రువు మాటవలె వినబడును. ఇందుకు 4వ శతాబ్ది చివర నడచిన యొక ఉదంతము కలదు. జెరోము బేత్లెహేములో నివసించిన మహాపండితుడు. ఉత్తరాఫ్రికాలోని హిప్పో నగరమున నుండిన అగస్టీను ఆయన కంటె చిన్నవాడు. అన్యజనులతో కలిసి భుజించుచుండిన పేతురు, యెరూషలేము నుండి కొందఱు రాగానే వెనుదీసెననియు, అందులకు అంతియొకయలో పౌలు అతనిని అందఱి యెదుట గద్దించెననియు గలతీయుల పత్రికలో కలదు. అది నిజమైన గద్దింపు కాదు, చూచువారికి బుద్ధి చెప్పుటకై యిద్దఱును కూడి చేసిన నటన యని జెరోము వ్యాఖ్యానించెను. లేఖనములో అట్టి నటనకు చోటిచ్చినచో ఇక ఏ మాటను నమ్మగలమని అగస్టీను ఆయనకు ఉత్తరము వ్రాసెను.

395 ప్రాంతపు ఆ మొదటి ఉత్తరము సకాలమున చేరలేదు. కొన్నేండ్లకు వ్రాసిన రెండవది జెరోమునకు అందక మునుపే ఇటలీలో చేతులు మాఱెను. తనపై ఒక గ్రంథమే వ్రాసి రోమునకు పంపినారని జెరోము వినెను. కీర్తి కొఱకు ఈ యువకుడు వృద్ధుని మీదికి వచ్చుచున్నాడా యని ఆయన మనసు నొచ్చెను.

అగస్టీను అప్పుడేమి చేసెను? నొప్పించినందులకు క్షమాపణ కోరెను. సత్యమని నమ్మిన మాటను మాత్రము విడువలేదు. తన తప్పులను కూడ దిద్దుమని జెరోమును వేడెను. ఈ మూడును కలిసిననే దిద్దుబాటు స్నేహమగును. పెలేజియస్ వాదమును ఖండించుచు 415లో వ్రాసిన గ్రంథమున జెరోము పేతురు తప్పును తప్పుగానే పేర్కొనెను.

సోదరుడు తప్పు చేసినచో ముందుగా ఒంటరిగా కలిసి చెప్పవలెనని మత్తయి సువార్త 18వ అధ్యాయములోని బోధ. పౌలు బహిరంగముగా పలికెనన్న, పేతురు చేసినదియు బహిరంగముగానే. పంక్తి నుండి వేరుపడిన అన్యజనుల మనసు అక్కడనే గాయపడినది.

మా సంగతియు ఒకటి చెప్పెదము. ప్రసంగము బాగున్నదను ఉత్తరములు చదివి మేమును సంతోషింతుము. ఒకమారు ఒక శ్రోత, మేమొక పేరును తప్పుగా పలికితిమనియు, చివరి భాగమును పరుగెత్తించితిమనియు కార్డు వ్రాసిరి. రెండు దినములు దానిని బల్ల సొరుగులో దాచితిమి. మూడవనాడు ధ్వనిముద్రణమును మరల వింటిమి. ఆమె చెప్పినదే నిజము. నాడు మమ్ము పొగడిన కార్డులలోని మాట యొక్కటియు ఇప్పుడు గుర్తు లేదు. ఆ పేరు మాత్రము మరల తప్పు పలుకలేదు.

కనుక, శ్రోతలారా, ఎవరైన మన తప్పు ఎన్నినప్పుడు, అది తీపియా చేదా యని చూడక, వారు మనతో చెప్పుచున్నారా, మనలను గూర్చి ఇతరులతో చెప్పుచున్నారా యని చూతము. మనతో చెప్పువారికి తలుపు తీసి కూర్చుండ పెట్టుదము.