నానో రేణువులు, రాచపుండు



రాచపుండని మన పెద్దలును, క్యాన్సరని నేటివారును పిలుచు వ్యాధికి నానో మందు వచ్చినదని పత్రికలలో చదివి, మా నర్సీపట్నమున కొందఱు వృద్ధులు నన్ను రెండు ప్రశ్న లడిగిరి. ఆ నానో యన నేమి? దానికై మనము వేచియుండవచ్చునా? మొదటిది తెలివికి, రెండవది ప్రాణమునకు సంబంధించినది.

నానోమీటరనగా మీటరునందు నూఱుకోట్లవ భాగము. గవాక్షమున బడు ఎండలో కదలాడు రేణువును త్రసరేణువనియు, అందు ఆఱవ భాగమును పరమాణువనియు మన తార్కికులు చెప్పిరి. ఈ మందురేణువు ఆ ఆఱవ భాగముకంటెను మిక్కిలి సన్ననిది.

ఇంత సన్నని దానితో పనియేమి? భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము అమెరికాలో సిద్ధపఱచిన అమినోప్టెరిన్ అను మందును 1948లో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తపు క్యాన్సరు గల పిల్లల కిచ్చి, వ్యాధి కొంతకాలము తగ్గినదని ప్రకటించెను. దాని తోబుట్టువగు మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. కాని ఇట్టి మందులు వేగముగా పెరుగు కణములన్నిటిని కొట్టును. పుండు కణమని, వెండ్రుక మొదలని, నోటిపొర యని తారతమ్య మెఱుగవు. డాక్సోరూబిసిన్ అనునది గుండెకే హాని చేయును. దానిని సుమారు 100 నానోమీటర్ల క్రొవ్వుబుడగలో నిమిడ్చి రక్తమున కెక్కింతురు. ఆరోగ్యముగల రక్తనాళముల గోడను ఆ బుడగ సులభముగా దాటజాలదు. పుండులో త్వరత్వరగా మొలచిన నాళములో, చిల్లుకడవల వంటివి. బుడగ అచ్చట కారి మందును విడుచును. అమెరికాలో 1995లో దీనికి అనుమతి లభించినది. గుండెకు భయము తగ్గినది. ఐనను అన్ని పుండ్లును అట్లు కారవు. కావున ఫలము అందఱి యందును ఒక్కరీతిగా నుండదు.

బంగారు రేణువులతో వ్యాధిని ముందుగా పసికట్టు ప్రయత్నములు ప్రయోగశాలలలో జరుగుచున్నవి. ఈ మాట పట్టుకొని స్వర్ణభస్మమే నానో వైద్యమని ఎవరైన అమ్మజూచినచో, నమ్మి నెలలు పోగొట్టుకొనకుడు.

ఇక రెండవ ప్రశ్న. మన ఉత్తరాంధ్రమున చుట్ట నిప్పుకొనను నోటిలోనుంచి త్రాగు అడ్డపొగ యలవాటు, ముఖ్యముగా స్త్రీలయందు, చిరకాలముగా నున్నది. ఆ వేడియు పొగయు అంగిటికి నేరుగా తగులును. శ్రీకాకుళము జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లను పరీక్షించి, ఈ యలవాటువలన అంగిట కలుగు మార్పులను పరిశోధకులు 1971లో ప్రకటించిరి. కడుపులోని పుండును కనుగొనుటకు యంత్రములు కావలెను. అంగిటి పుండునకు పగటి వెలుగును, తెఱచిన నోరును చాలును.

మీ యింట నాయనమ్మయో అమ్మమ్మయో అడ్డపొగ త్రాగుచున్నచో, కట్టుడుపండ్లున్న తీయించి, అంగిలి చూడుడు. తెల్లని మందపు పొర, అందు ఎఱ్ఱని చుక్కలు, ఎఱ్ఱని మచ్చ, మూడు వారములకు మానని పుండు, వీనిలో ఏది యున్నను వైద్యునికి చూపవలెను. ఆమె నొప్పి లేదనును. తొలుత నొప్పి లేకపోవుటయే దీని మోసము. మగవారి యెదుట నోరు తెఱచుటకు సిగ్గుపడినచో కోడలిచేతనో మనుమరాలిచేతనో చూపింపుడు. అనుమానమున్నచో విశాఖపట్టణమున అగనంపూడి వద్ద టాటా స్మారక కేంద్రమువారి హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి కలదు. అచ్చట చిన్నముక్క తీసి పరీక్షించి నిజము చెప్పుదురు. ఆ పరీక్షకు నానో మందు రానక్కఱలేదు.