వర్తకమునకు వచ్చిన కొత్త గొంతు

ప్రకటనను చెవితో వినుట మనకు కొత్త గాదు. 1922 ఆగస్టు 28వ తేదీన న్యూయార్కు నగరమందలి ఒక రేడియో కేంద్రమునుండి, నివాసగృహములమ్ము సంస్థ యొకటి రుసుము చెల్లించి పది నిమిషములసేపు తన సరకును గూర్చి చెప్పించుకొన్నది. మన వైపున, సిలోను రేడియోలో పండ్లు తోముకొను పేస్టు పేరిట 1952లో మొదలైన పాటల కార్యక్రమమును ఎరుగని పెద్దలు అరుదు. వివిధభారతిలో వాణిజ్య ప్రకటనలు 1967 నవంబరులో ప్రవేశించినవి. వీటన్నిటియందును ఏర్పాటు ఒక్కటే: పెట్టె చెప్పును, మనము విందుము; విసుగు పుట్టినచో మీట త్రిప్పివేయుదుము. ఇప్పుడు బల్లమీద కూర్చున్న పెట్టె తానే వినుచు, మనచేత మాటలాడించుచున్నది. వర్తకులకు దీనిమీద మక్కువ కలుగుటలో వింత లేదు.

దీనిని వాయిస్ అసిస్టెంటు అందురు. 2011లో ఐఫోనుతో సిరి వచ్చినది. 2014 నవంబరులో అమెజాన్ కంపెనీవారు ఎకో అను పెట్టెను, అందులో అలెక్సా అను గొంతును ప్రకటించిరి. 2016లో గూగుల్‌వారి అసిస్టెంటు వచ్చినది. ఎకో 2017లో మన దేశమునకు చేరి, 2019 సెప్టెంబరులో హిందీ నేర్చినది. పెట్టె తన పేరు వినబడువరకు ఆ ఒక్క మాటకొరకే చెవియొగ్గి యుండును. పేరు వినబడినంతనే, పిమ్మట మనమాడిన మాటలను ఇంటర్నెట్టు ద్వారా కంపెనీవారి కంప్యూటర్లకు పంపును. అచ్చట మాట అక్షరములై, అర్థము తేలి, జవాబు మరల గొంతుగా మారి వచ్చును.

ఇందులో వ్యాపారమెక్కడ నున్నదని అడుగవచ్చును. కిరాణా కొట్టునకు పోయి "సబ్బు ఇవ్వండి" అన్నామనుకొందము. కొట్టులోని పెద్దమనిషి మూడు నాలుగు రకములు బల్లమీద పెట్టును. "ఇది కొత్తగా వచ్చిందండీ, చాలా బాగుంటుంది" అని ఒకదానిని ముందుకు త్రోయును. దానిమీద ఆయనకు నాలుగు డబ్బులు ఎక్కువ మిగులునని మనకు తెలియును. తెలిసియే నవ్వుకొని మనకు కావలసినది పుచ్చుకొందుము. కంప్యూటరు తెరమీద వెదకునప్పుడును పది పేర్లు కనబడును. డబ్బిచ్చి వేయించుకొన్న వాటిపై ప్రకటన అను మాట యుండును. చెవికి మాత్రము ఆ వెసులుబాటు లేదు. పది పేర్లు వరుసగా చదివినచో వినువాడు లేచిపోవును. కనుక యంత్రము సాధారణముగా ఒక్క జవాబే చెప్పును, లేదా ఒకటి రెండు సరకుల పేర్లే చెప్పును. ఆ మొదటి పేరు తనదే కావలెనని డిజిటల్ మార్కెటింగు చేయువారందరి తాపత్రయము. 2015లో అమెజాన్‌వారు కొన్ని సరకులకు "అమెజాన్ చాయిస్" అను ముద్ర వేయనారంభించిరి. నోటిమాటతో కొనువారికి ఏది చూపవలెనను చిక్కు దానితో కొంత తీరినది. ఎంపిక చేసినదెవరు, ఏ కొలమానముతో, అను ప్రశ్న మాత్రము మిగిలియున్నది. కొట్టువాని ముఖము చూచి గ్రహించునది ఈ గొంతులో గ్రహించుటకు వీలు లేదు.

అన్ని ప్రయత్నములును ఇట్టివే యనుట న్యాయము గాదు. టైడ్ సబ్బుపొడి తయారుచేయువారు 2016లో అలెక్సాకు మరకలు పోగొట్టు విద్య నేర్పిరి. కాఫీ మరక, సిరా మరక మొదలుగా 200కు పైగా మరకలలో దేనిని గూర్చి అడిగినను, ఏమి చేయవలెనో అది వరుసగా చెప్పెడిది. చేతులు తడిగానున్న గృహిణికి ఇది నిజముగా ఉపకారమే. సబ్బుపొడి పేరు దానివెంట వచ్చినను ఎవ్వరును నొచ్చుకొనరు.

నొచ్చుకొన్న సందర్భము 2017 ఏప్రిల్ 12వ తేదీన వచ్చినది. బర్గర్ కింగ్ అను భోజనశాలల కంపెనీ అమెరికా టెలివిజనులో పదునైదు సెకండ్ల ప్రకటన వేయించినది. దుకాణపు దుస్తులు ధరించిన నటుడు, తమ వంటకమును వర్ణించుటకు వ్యవధి చాలదని చెప్పి, కెమెరాకు దగ్గరగా వచ్చి, గూగుల్‌ను పిలిచి, "వాపర్ బర్గర్ అనగా నేమి?" అని అడిగెను. టెలివిజనులోని ఆ పిలుపునకు ఇండ్లలోని గూగుల్ పెట్టెలు పలికి, వికీపీడియాలోని వాక్యములు చదువసాగినవి! అనగా ప్రకటన ఇంటివారితో మాటలాడక, ఇంటిలోని యంత్రముతో మాటలాడినది. వికీపీడియాను ఎవరైనను దిద్దవచ్చును గదా. కొంటెవారు ఆ వంటకములో విషము కలదని సైతము వ్రాసిరి. కొద్ది గంటలలో గూగుల్‌వారు పెట్టెల నోరు కట్టివైచిరి. కంపెనీవారు గొంతు మార్చి మరియొక ప్రకటన వేసిరి. పెట్టెలు మరల పలికినవి. చిత్రమేమనగా, ఆ సంవత్సరమే కాన్ నగరములో జరిగిన ప్రకటనల పోటీలో దీనికి ఒక విభాగమున అత్యున్నత బహుమానము లభించినది. బహుమానమిచ్చినవారి ఇండ్లలో ఆ పెట్టె యుండినదో లేదో!

అదే యేడు జనవరిలో డాలస్ నగరమున ఆరేండ్ల బాలిక అలెక్సాతో మాటలాడి ఒక బొమ్మరిల్లు తెప్పించుకొన్నది. ఆ వార్తను శాన్ డియేగో టెలివిజనులో చెప్పుచు, చదువరి ఆ పిల్ల అన్న మాటను తానును అనగా, విన్నవారి ఇండ్లలో కొన్ని పెట్టెలు బొమ్మరిండ్లకు ఆర్డరు పెట్టబోయినవి. పిల్లవాని మాటకును పెద్దవాని మాటకును, ముచ్చటకును బేరమునకును భేదము తెలియని పనివాని చేతికి డబ్బుసంచి ఇచ్చినట్లున్నది ఈ వ్యవహారము.

ఐనను వర్తకులు తలచినంతగా ఈ గొంతు అమ్మలేదు. 2020 నాటికి వెదకులాటలో సగము నోటితోనే జరుగునని జోస్యము చెప్పినవారుండిరి; అది ఫలింపలేదు. జనులు పాటలకు, వాతావరణమునకు, పొయ్యిమీది కూరకు గంట కొట్టించుటకు దానిని పిలుచుచున్నారు. అమెజాన్‌వారు 2025 ఫిబ్రవరిలో, సంభాషణ సాగింపగల కొత్త అలెక్సాను ప్రకటించిరి. సంభాషణ సాగినకొలది మన ఇష్టానిష్టములు దానికి ఎక్కువ తెలియును. 2023 మేలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషను, పిల్లల గొంతులను అమెజాన్‌వారు తగని కాలము దాచియుంచిరని ఆరోపింపగా, వారు రెండున్నర కోట్ల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనిరి.

ఇంట ఈ పెట్టె యున్నవారికి మేము చెప్పదగిన దొకటి యున్నది. ఎకోలో నోటిమాటతో కొనుటను పూర్తిగా ఆపివేయవచ్చును. లేదా నాలుగంకెల రహస్యసంఖ్య చెప్పినగాని కొనకుండునట్లు అమర్చవచ్చును. ఫోనులోని అలెక్సా యాపులో సెట్టింగుల క్రింద ఇది కలదు. ఆ సంఖ్యను పిల్లలు వినుచుండగా బిగ్గరగా చెప్పరాదు.