మరుత్ విమానపు జమాఖర్చులు

(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము)



మన పఠనాలయమునకు సాయంకాలము వేళ వచ్చు యువకులలో విమానముల పిచ్చిగలవారు నలుగురైదుగు రున్నారు. ఏ యుద్ధవిమానమునకు ఏ ఇంజనో, రెక్క లెంత పొడవో వారికి కంఠపాఠము. వారిలో వారికి తేలని తగవొకటి కలదు. మన దేశమున రూపొందిన జెట్ యుద్ధవిమానము ‘మరుత్’ గెలిచినదా, ఓడినదా అని. విమానశాస్త్రము నాకు రాదు. జమాఖర్చులు చూచుట వచ్చును. కావున పుస్తకములలో దొరకిన లెక్కను మీ ముందు విప్పెదను.

ముందు పేరు సంగతి. వేదమున మరుత్తులు ఇంద్రుని చెలికాండ్రు. చుక్కల లేళ్ళను పూన్చిన రథములపై విహరింతురు. రామాయణమున బాలకాండలో వేరొక కథ ఉన్నది. దితి గర్భమును ఇంద్రుడు లోపలనే ఏడు తునకలు చేయగా శిశువు ఏడ్చెననియు, ‘ఏడువకుము’ అని ఊరడించుటచే మరుత్తు లను పేరు కలిగెననియు అందురు. పేరు పెట్టినవారు మొదటి కథనే తలచి ఉందురు. జరిగినది మాత్రము రెండవ కథకు దగ్గరగా ఉన్నది.

ఈ విమానమునకు రూపకర్త కుర్ట్ టాంక్ అను జర్మను పండితుడు. రెండవ ప్రపంచయుద్ధమున పేరు మోసిన ఫోకే-వుల్ఫ్ 190 ఆయన సృష్టియే. యుద్ధానంతరము అర్జెంటీనాకు పోయి అచ్చట ‘పుల్కీ 2’ అను జెట్ విమానమును చేసెను. 1955లో అచ్చటి అధ్యక్షుడు పెరోన్ పదవీచ్యుతుడు కాగా, ఆయన ఆశ్రయము చెడినది. 1956లో కొందఱు సహచరులతో బెంగుళూరులోని హిందూస్థాన్ విమాన కర్మాగారమునకు వచ్చెను. మన వైమానికదళము కోరినది సామాన్యమైన కోరిక కాదు: ధ్వనికి రెండింతల వేగము, 60,000 అడుగుల ఎత్తు. స్వాతంత్ర్యము వచ్చి పదేండ్లయినను నిండని దేశము అడిగిన కోరిక అది!

మొదట వారు చేసిన పని నాకు మిక్కిలి నచ్చినది. ఇంజను లేకుండ, అసలు విమానమంత కొలతతోనే, కొయ్యతో ఒక గాలిపడవను చేసిరి. 1959లో దానిని డకోటా విమానమునకు త్రాటితో కట్టి పైకి లాగుకొనిపోయి విడిచిరి. అది గాలిలో తేలుచు దిగి వచ్చెడిది. ఈ విధముగ పలుమార్లు ఎగురవేసి, రెక్కల తీరును నడుపువాని మాట వినునో విననో అను సంగతిని ముందే తెలిసికొనిరి. పెండ్లికి ముందే పిల్ల గుణము విచారించినట్లన్నమాట. అసలు విమానము 1961 జూన్‌లో వింగ్ కమాండర్ సురంజన్ దాస్ చేతిలో ఎగిరెను.

ఎగిరెను గాని, కోరిన ఇంజనుతో కాదు. చిక్కంతయు ఇచ్చటనే ఉన్నది. టాంక్ గారు తన విమానమును బ్రిస్టల్ కంపెనీవారి ఆర్ఫియస్ 12 అను ఇంజనును దృష్టిలో నుంచుకొని గీసిరి. దానికి ‘ఆఫ్టర్ బర్నర్’ అను సాధనము ఉండును. ఇంజనునుండి వెలువడు వేడిగాలిలో మరల ఇంధనము చిమ్మి మండించినచో త్రోపు హెచ్చును; ధ్వనివేగమును దాటుటకు ఆ అదనపు త్రోపు కావలెను. ఆ ఇంజను ఇంకను తయారగుచుండగనే బ్రిటనులో దాని పని నిలిచిపోయెను. ఖర్చు భారతదేశము భరించినచో కొనసాగింతుమనిరి. మనవారు ఒప్పుకొనలేదు. ఆనాటి విదేశీద్రవ్యపు కటకటను మరువరాదు. గాదెలో గింజలు లేని యింట పందిరికి సరిగచీరలు కట్టుమనుట ఎవరికైనను కష్టమే. అయినను లెక్కలు వ్రాయువాడుగా నా అభిప్రాయము చెప్పవలెనన్నచో, ఆ పద్దున మిగిల్చినది తరువాతి పది పద్దులలో పోయినది.

చివరకు ఆఫ్టర్ బర్నర్ లేని ఆర్ఫియస్ 703 ఇంజనులు రెండు పెట్టిరి. నాట్ అను చిట్టి విమానమును నడుపునది కూడ ఆ జాతి ఇంజనే. మరుత్ వేగము ధ్వనివేగపు దరిదాపులలోనే నిలిచినది. రథము సిద్ధమైనది, లేళ్ళు రాలేదు.

ఆ లేళ్ళకై మనవారు నైలునది ఒడ్డునకు గూడ పోయిరి. ఈ ఘట్టము చాలమందికి తెలియదు. అదే కాలమున ఈజిప్టువారు హెల్వాన్‌లో ఒక విమానమును చేయుచుండిరి. దాని రూపకర్త విల్లీ మెసర్‌ష్మిట్. ఇంజను పని ఫెర్డినాండ్ బ్రాండ్నర్ అను ఆస్ట్రియా దేశీయునిది. ఈ బ్రాండ్నరు యుద్ధానంతరము రష్యాలో బందీగా నుండి అచ్చటి ఇంజనుల పనిలో పాల్గొన్నవాడు. జర్మనులు గీసిన విమానములు రెండు, ఒకటి బెంగుళూరున, ఒకటి కైరో చెంత. రెండింటికిని కొరత ఒకటే! హెచ్.ఎ. 300 అను ఆ ఈజిప్టు విమానమును 1964 మార్చి 7న మొదట ఎగురవేసినది మన వైమానికుడు కపిల్ భార్గవ. బ్రాండ్నరు ఇంజను, అనగా ఇ-300, సిద్ధము కాగా దానిని పరీక్షించుటకు మన మరుత్ ఒకటి ఈజిప్టు చేరినది. ఒక ప్రక్క పాత ఆర్ఫియస్, రెండవ ప్రక్క కొత్త ఇ-300. కాడికి ఒకవైపు ముసలి యెద్దును, మరొకవైపు కొత్త కోడెను కట్టి దుక్కి నేర్పునట్లే. కోడె మొండికెత్తినను ముసలి యెద్దు ఇంటికి చేర్చును. 1967 మార్చిలో ఈ జంట ఎగిరినది. ఆ సంవత్సరమే జూన్‌లో ఈజిప్టునకు యుద్ధము వచ్చి పడెను. 1969లో వారు ఆ పథకమునే విడిచిరి. మన యాశయు దానితో పోయెను.

ఇక స్వదేశమునందే ఆర్ఫియస్‌కు ఆఫ్టర్ బర్నర్ తగిలించు ప్రయత్నము జరిగెను. ఆ ప్రయోగ విమానముతోనే 1970 జనవరి 10న, బెంగుళూరున పైకి లేచు సమయమున ప్రమాదము కలిగి సురంజన్ దాస్ మరణించెను. 1961లో ఏ విమానమును తొలిసారి ఎగురవేసెనో, ఆ జాతి విమానమే ఆయనను తీసికొనిపోయినది. బెంగుళూరులో ఆ కర్మాగారపు చెంత ఆయన పేర ఒక రోడ్డున్నది. ఖర్చు వైపున ఈ పద్దుకు అంకె వేయుట నాకు చేతకాదు.

జమ వైపు చూతము. 1971 యుద్ధమున మరుత్తులు రాజస్థాన్ ఎడారి సరిహద్దున శత్రువుల రైలుబండ్లను, శకటములను, విమానస్థావరములను కొట్టినవి. నేలకు దగ్గరగా నిలకడగా పోవుటలో వానికి పేరు వచ్చినది. ఒక ఇంజను దెబ్బతినినను రెండవదానితో ఇల్లు చేరిన సందర్భములు గలవు. నేలమీది తుపాకులకు కొన్ని బలియైనవి గాని, ఆకాశమున శత్రువిమానము చేత ఒక్కటియు కూలలేదు. డిసెంబరు 7న స్క్వాడ్రన్ లీడర్ బక్షి ఒక సేబరు విమానమును కూల్చినట్లు చరిత్రకారులు వ్రాయుచున్నారు. అయితే అభిమానము కొద్ది కొందఱు లోంగేవాలా విజయమునంతటిని మరుత్తులకే జమకట్టుదురు. అది దొంగలెక్క. అచ్చట ప్రధాన కార్యము జైసల్మేరు నుండి లేచిన హంటరు విమానములది.

మొత్తము 147 విమానములు తయారైనవి. 1990 నాటికి అన్నియు కొలువు చాలించినవి. టాంక్ 1967లోనే మన దేశము విడిచెను.

కావున మన యువకుల తగవునకు నా తీర్పిది. దేహము గెలిచినది, ప్రాణము అరువుదైనది. రెండును ఒక్క పద్దుగా వ్రాసి ఓడినదని గీత గీయుట అన్యాయము. ఇంజను సంగతి దాచిపెట్టి గెలిచినదని చెప్పుటయు అంతే. ఆ బాకీ ఆనాటితో తీరలేదు. ‘కావేరి’ అను స్వదేశీ ఇంజను పని 1989లో పూనిరి. తేజస్ విమానము 2001 జనవరి 4న మొదట ఎగిరినప్పుడు దానిలో నున్నది అమెరికా ఇంజను. 2008లో కావేరిని తేజస్ పథకమునుండి విడదీసిరి. ఇది మన యువకులు తగవులాడదగిన రెండవ ప్రశ్న. దానికి మరొక సాయంకాలము కావలెను.