తాళం కన్నా ముందు ద్వారబంధం



మన బాగేపల్లి పేరులోనే వాకిలి ఉన్నదని పెద్దలు చెబుతుంటారు. కన్నడంలో బాగిలు అంటే తలుపు, వాకిలి. అటు ఆంధ్రకూ, ఇటు కన్నడ సీమకూ ఇది వాకిలి వంటిది కాబట్టి ఆ పేరు వచ్చిందని వారి మాట. 2025 జూలైలో నంది కొండ మీద జరిగిన కర్ణాటక మంత్రివర్గ సమావేశంలో మన ఊరి పేరును భాగ్యనగర అని మార్చాలని నిర్ణయించారు. పేరు ఏదైనా, మనం వాకిట్లో కాపురం ఉంటున్నవాళ్ళమే. కాబట్టి ఈనాటి ప్రసంగంలో మన ఇళ్ళ వాకిళ్ళను గురించి, తలుపులను, బీగాలను గురించి నాలుగు మాటలు చెప్పుకొందాం.

మన పెద్దల కాలంలో ఇంటికి బీగం వేయవలసిన అవసరం తక్కువ. ఇంట్లో అవ్వో తాతో ఉండేవారు. అరుగు మీద ఎవరో ఒకరు కూర్చొని వచ్చేపోయేవారిని కనిపెట్టి చూస్తుండేవారు. ఇప్పుడు కాలం మారింది. బెంగళూరు ఇక్కడికి దాదాపు 100 కిలోమీటర్లు. పిల్లలు చదువుకనో, ఉద్యోగానికనో అక్కడ ఉంటారు. పండక్కి మనం వెళ్ళడమో, వారు రావడమో జరుగుతుంది. తిరుమలకు వెళ్ళినా, కైవారం వెళ్ళినా, కదిరి వైపు పెళ్ళికి వెళ్ళినా రెండు మూడు రోజులు ఇల్లు మూసి ఉంటుంది. ఆ మూసిన తలుపు వెనుక ఏముంటుంది? కూతురి పెళ్ళికని కూడబెట్టిన బంగారం, వేరుశనగ అమ్మిన డబ్బు, భూమి పత్రాలు, పిల్లల మార్కుల పట్టికలు. ఒక రైతు కుటుంబం పదేళ్ళ కష్టం ఒక్క ఇనుప పెట్టెలో ఉంటుందన్నమాట.

వీధిలో ఎక్కడైనా దొంగతనం జరిగిందని తెలిస్తే మనం మొదట చేసే పని ఏమిటి? అంగడికి వెళ్ళి ఇంకా పెద్ద తాళం కొనుక్కొని రావడం. తాళం బరువు చూసి ధైర్యం తెచ్చుకొంటాం. అయితే, శ్రోతలారా, తలుపులు పగలగొట్టిన ఇళ్ళను ఒకసారి జాగ్రత్తగా గమనించండి. చాలాచోట్ల తాళం తాళంగానే ఉంటుంది. దానిని పట్టుకొన్న గొళ్ళెం ఊడి ఉంటుంది. లేదా గడియ దూరే చోట ద్వారబంధం చీలి ఉంటుంది. లేదా ద్వారబంధమే గోడలోనుంచి కదిలి ఉంటుంది. తాళం ఓడిపోలేదు, తాళానికి ఆధారం ఓడిపోయింది.

దీనికి కారణం బడిలో పిల్లలకు చెప్పే పాఠంలోనే ఉన్నది. మీట అనే సాధారణ యంత్రాన్ని గురించి మీరంతా చదువుకొన్నారు. 4 అడుగుల గడ్డపార తీసుకోండి. అంటే 48 అంగుళాలు. దాని మొనను తలుపు సందులో 2 అంగుళాలు దూర్చి, ద్వారబంధాన్ని ఆధారంగా చేసుకొని నెట్టితే, ఒకవైపు 2 అంగుళాలు, రెండోవైపు 46 అంగుళాలు ఉంటుంది. అంటే బలం 23 రెట్లు అవుతుంది. మనిషి 30 కిలోల బరువుతో నెట్టితే అక్కడ పడేది సుమారు 690 కిలోల బలం. అర అంగుళం పొడవున్న నాలుగు స్క్రూలు, అంటే మరమేకులు, మెత్తటి కర్రలో ఉండి ఇంత బలానికి ఎట్లా నిలుస్తాయి? వెయ్యి రూపాయల తాళమైనా, ఐదు వేల రూపాయల తాళమైనా ఆ నాలుగు మేకుల బలమే దాని బలం.

కాబట్టి ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకొన్న ముఖ్యమైన సంగతి ఇది: డబ్బు ఖర్చు పెట్టేటప్పుడు మొదట ద్వారబంధం, తరువాత బందులు, ఆ తరువాత గడియలు, చివరికి తాళం. ఈ వరుసలో ఆలోచించాలి. మనం తరచుగా దీన్ని తలకిందులు చేస్తున్నాం.

ద్వారబంధానికి మనం ఇచ్చే మర్యాద తక్కువేమీ కాదు. ఇల్లు కట్టేటప్పుడు సింహద్వారం నిలబెట్టడానికి ప్రత్యేకంగా ముహూర్తం పెట్టిస్తాం. పసుపు పూస్తాం, కుంకుమ బొట్లు పెడతాం, మామిడి తోరణం కడతాం, గడప కింద నవధాన్యాలు వేస్తాం. మంచిదే. అయితే పూజ అయిన తరువాత ఆ ద్వారబంధాన్ని గోడకు ఎట్లా కలిపారో ఎంతమంది చూస్తున్నారు? పక్కన ఉన్న సందులో ఇటుక ముక్కలు కుక్కి, పైన గార పూసేస్తే బయటికి చక్కగానే కనబడుతుంది. లోపల పట్టు ఉండదు.

కొత్తగా ఇల్లు కట్టుకొంటున్నవారు మేస్త్రీని, వడ్రంగిని దగ్గర నిలబెట్టి ఈ పని చేయించుకోవాలి. ద్వారబంధానికి ఒక్కొక్క వైపు మూడు చొప్పున ఇనుప హోల్డ్‌ఫాస్టులు బిగించాలి. ఇవి ఇనుప పట్టీలు. ఒక కొన ద్వారబంధానికి బిగించి ఉంటుంది. రెండో కొన చేప తోకలాగ చీలి గోడలోకి పోతుంది. ఆ కొనను మట్టిలోనో, ఇటుక ముక్కల మధ్యనో వదలకుండా చుట్టూ కాంక్రీటు దిమ్మె పోయాలి. ఒక పాలు సిమెంటు, మూడు పాళ్ళు ఇసుక, ఆరు పాళ్ళు చిన్న కంకర సరిపోతుంది. వారం రోజులు తడుపుతూ ఉండాలి. గోడకు ఆనే వైపు కర్రకు ముందే తారు పూయిస్తే తేమ, చెదలు త్వరగా చేరవు. ఈ పని ఇల్లు కట్టేటప్పుడైతే కొద్ది ఖర్చుతో అయిపోతుంది. గార పూసిన తరువాత అదే పనికి గోడ పగలగొట్టాలి.

మరి పాత ఇళ్ళ సంగతి? మన ప్రాంతంలో రాతి గోడల ఇళ్ళు చాలా ఉన్నాయి. రాయి గట్టిదే గాని, రాళ్ళ మధ్య మట్టి ఉంటే ద్వారబంధానికి పట్టు దొరకదు. ముందుగా ఒక చిన్న పరీక్ష చేయండి. తలుపు తీసి, ద్వారబంధాన్ని నడుము ఎత్తులో రెండు చేతులా పట్టుకొని బలంగా ఊపండి. గోడకూ కర్రకూ మధ్య సన్నని గీత కదిలినట్టు కనబడితే పట్టు పోయిందని అర్థం. తరువాత చిన్న కత్తి మొనతో గడప దగ్గర, ద్వారబంధం కాళ్ళ దగ్గర పొడిచి చూడండి. మొన సులువుగా దిగిపోతే లోపల చెదలు తినేసి ఉంటాయి. పైన రంగు మాత్రం మిగిలి ఉంటుంది. అట్లాంటి ద్వారబంధానికి ఎంత మంచి తాళం వేసినా అది పేలపిండికి వేసిన మేకే.

కర్ర బాగుండి పట్టు మాత్రం పోయి ఉంటే ద్వారబంధం మార్చనక్కరలేదు. ఒక్కొక్క వైపు మూడు చోట్ల గోడలో ఆరు అంగుళాల లోతు గుంట తవ్వి, హోల్డ్‌ఫాస్టులు పెట్టి కాంక్రీటు పోయించండి. సిమెంటు గోడ అయితే ద్వారబంధం గుండా గోడలోకి దిగే పొడుగాటి యాంకర్ బోల్టులు బిగించవచ్చును. ఒక పూట పని. వారం రోజులు తలుపును దబదబా వేయకుండా ఉంటే చాలు.

ఇప్పుడు తలుపు సందు చూద్దాం. తలుపు వేసినప్పుడు తలుపుకూ ద్వారబంధానికీ మధ్య రెండు రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత సందు కన్నా ఎక్కువ ఉండకూడదు. సందు ఎక్కువైతే గడ్డపారకు మనమే చోటు ఇచ్చినట్టు. సందు ఎక్కువ ఉన్నచోట కర్ర పట్టీ గాని, ఇనుప పట్టీ గాని కొట్టించి మూయించాలి.

బందులు మూడు ఉండాలి. పైన ఒకటి, నడుమ ఒకటి, కింద ఒకటి. ఒక్కొక్క స్క్రూ రెండు అంగుళాల పొడవు ఉండాలి. ఇంకొక మాట. స్క్రూను తిప్పి బిగించడానికి బద్ధకించి సుత్తితో కొట్టి దించేవారు ఉన్నారు. అట్లా కొట్టితే మర కర్రను కోసుకొంటూ పోతుంది, పట్టు నిలవదు. స్క్రూను తిప్పే బిగించమని దగ్గరుండి చెప్పండి. తలుపు బయటికి తెరుచుకొనేది అయితే బందుల ఇరుసులు బయటే ఉంటాయి. వాటిని కొట్టి తీసేసే వీలున్నది. దానికి ఉపాయం చవకది. బందుల వైపు తలుపు అంచులో ఒక లావు మేకు దించి, తల కోసేసి, అర అంగుళం బయటికి ఉంచాలి. ఎదురుగా ద్వారబంధంలో దానికి సరిపోయే రంధ్రం పెట్టాలి. తలుపు మూసినప్పుడు మేకు రంధ్రంలో కూర్చొంటుంది. అప్పుడు ఇరుసు తీసినా తలుపు ఆ వైపున కదలదు.

గొళ్ళేనికి, ఆల్‌డ్రాపుకు చిన్న స్క్రూలు కాకుండా తలుపు ఈ వైపు నుంచి ఆ వైపుకు దూరి లోపల నట్టుతో బిగిసే బోల్టులు వాడాలి. బోల్టు తల బయట గుండ్రంగా, నున్నగా ఉండాలి. పానాకు పట్టు దొరకకూడదు. తలుపులో బిగించే తాళమైతే దాని నాలుక కనీసం ఒక అంగుళం ద్వారబంధంలోకి దిగాలి. ఆ నాలుక దూరే చోట పలుచని రేకు కాకుండా మందమైన ఇనుప పట్టీ, అడుగు పొడవుది, ఐదారు పెద్ద స్క్రూలతో బిగిస్తే బలం ఒక్కచోట పడకుండా కర్ర అంతటికీ పంచుకొంటుంది.

ఇంత అయిన తరువాతే తాళం. మన దేశంలో తాళాలకు అలీగఢ్ పేరు పొందినది. తమిళనాడులోని దిండిగల్ తాళానికి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అర్దేషిర్ గోద్రెజ్ 1897లో బొంబాయిలో తాళాల పని మొదలుపెట్టారు. ఎవరు చేసినదైనా కొనేటప్పుడు బరువు కన్నా లోపలి లివర్ల సంఖ్య చూడండి. ఆరు, ఏడు లివర్లు ఉంటే వేరే బీగంచెవితో తెరవడం కష్టమవుతుంది. కొంకి భాగం గట్టిపరచిన ఉక్కుతో ఉన్నదా, రంపం దూరే సందు తక్కువగా ఉన్నదా చూడండి. వేలిముద్రతో తెరుచుకొనే తాళాలు కూడా వచ్చాయి. సేద్యం పనులు చేసినవారి వేలిముద్రలు అరిగిపోయి ఉంటాయి. కాబట్టి మామూలు బీగంచెవి కూడా ఉన్నదే తీసుకోవాలి.

ఒక విషయం గుర్తుంచుకోండి. వాకిలికి బయట పెద్ద తాళం వేలాడుతూ ఉంటే, ఇంట్లో ఎవరూ లేరని బోర్డు రాసి తగిలించినట్టే. తలుపులోపల బిగించే తాళమైతే ఇంట్లో మనుషులు ఉన్నదీ లేనిదీ వీధిలోకి తెలియదు. రోజులు గడిచేకొద్దీ వాకిట్లో పడే పాల ప్యాకెట్లు, పత్రికలు కూడా అదే కబురు చెబుతాయి. వాటిని ఆపించి వెళ్ళండి.

వీధి వాకిలికి ఇంత చేసి పెరటి తలుపును మరచిపోకూడదు. పెరటి తలుపు, మిద్దె మెట్ల పైనున్న తలుపు చాలా ఇళ్ళలో పలుచని రేకుతోనో, పాత చెక్కతోనో ఉంటాయి. అక్కడ ఎవరూ చూడరు కాబట్టి దొంగకు కావలసిన తీరిక దొరుకుతుంది. తలుపు లోపలి వైపు అడ్డంగా పెట్టే గడమాను మన పెద్దలు ఊరికే పెట్టలేదు. గోడలో రెండు వైపులా ఇనుప కొక్కేలు దించి అడ్డకర్ర గాని, ఇనుప పైపు గాని పెట్టితే పెరటి తలుపుకు అంతకన్నా చవకైన కాపలా లేదు.

బీగంచెవిని పూలకుండీ కింద, ద్వారబంధం పైన, చెప్పుల గూట్లో పెట్టే అలవాటు మానండి. మనకు తట్టిన చోటు దొంగకు కూడా తడుతుంది. నమ్మకమైన పొరుగింటివారి చేతికి ఇవ్వండి. బాడుగ ఇంట్లో చేరినప్పుడు పాత తాళం మార్పించుకోండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త. ఇంట్లో ముసలివాళ్ళు ఉంటే, వారిని లోపల ఉంచి బయట తాళం వేసి పోకండి. గ్యాసు కారినా, మంటలు లేచినా, గుండెల్లో నొప్పి వచ్చినా ఆ తలుపే వారికి శత్రువు అవుతుంది. ఏ తలుపైనా లోపలినుంచి బీగంచెవి అవసరం లేకుండా చేతితో తెరుచుకొనేట్టు ఉండాలి. గడియలు వారి చేతికి అందే ఎత్తులో, చీకట్లో తడుముకొన్నా దొరికేట్టు ఉండాలి. వచ్చినది ఎవరో చూడటానికి తలుపులో చిన్న అద్దపు కన్ను, తలుపు కొద్దిగా మాత్రమే తెరుచుకొనే గొలుసు పెట్టించండి. బయటివారిని ఆపాలి గాని లోపలివారిని బంధించకూడదు.

ఇంత చేసినా ఏదైనా జరిగితే, తలుపును, పెట్టెలను ముట్టుకోకుండా బయటికి వచ్చి 112కు ఫోన్ చేయండి. గడియ మీద ఉండే వేలిముద్రలు పోలీసులకు పనికివస్తాయి. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో నివాస గృహంలో దొంగతనానికి 7 ఏళ్ళ వరకు శిక్ష ఉన్నది. ఊరికి వెళ్ళేటప్పుడు దగ్గరి పోలీసు ఠాణాలో ఒక మాట చెప్పి వెళ్ళడం మంచిది.

మహారాష్ట్రలో శని శింగణాపూర్ అనే ఊరు ఉన్నది. ఇళ్ళకు తలుపులు పెట్టని ఊరని దానికి పేరు. 2011లో అక్కడ ఒక బ్యాంకు శాఖ కూడా తాళం లేకుండా తెరిచారు. వారి నమ్మకం వారిది. మనం తలుపులు తీసేయలేం గాని, పొరుగింటి తలుపును కూడా మన తలుపుగా చూడగలం. పక్కింటివారు ఊరికి వెళ్ళినప్పుడు వారి వాకిట్లో మనమే నీళ్ళు చల్లి ముగ్గు వేద్దాం. సాయంత్రం ఒక దీపం వెలిగిద్దాం. అరుగు మీద తాత కూర్చొని చేసిన కాపలా అదే.

వచ్చే ఆదివారం ఒక్క గంట తీరిక చేసుకొని మీ ద్వారబంధాన్ని ఊపి చూడండి. సందు కొలవండి. స్క్రూలు లెక్కపెట్టండి. ఆ తరువాత తాళం కొనాలా, వడ్రంగిని పిలవాలా మీకే తెలుస్తుంది.