అంగళ్ళ వలస: ఢిల్లీ నగర విస్తరణము – చిల్లర వర్తకము



1941 జనాభా లెక్కల ప్రకారము ఢిల్లీ ప్రాంతమున సుమారు 9 లక్షల 18 వేల మంది నివసించుచుండిరి. పదియేండ్లలో ఆ సంఖ్య 17 లక్షల 44 వేలయినది. 2011 నాటికి 1 కోటి 68 లక్షలకు చేరినది. ఇండ్లు నలుదిక్కులకును ప్రాకినవి. ఇండ్ల వెంట అంగళ్ళును కదలినవి. అయితే అన్ని అంగళ్ళును కదలలేదు. కదలినవానికెల్ల నిలువ నీడయు దొరకలేదు.

పప్పు, ఉప్పు, పాలు, కూరగాయలు దినదినము కావలసినవి. వీటికొరకు గృహిణి క్రోసెడు దూరము పోజాలదు. కావున పచారీకొట్టు ఇంటిని వెంబడించును. పెండ్లిచీర, వెండిగిన్నె అట్టివి కావు. వీనిని కొనువారు పది దుకాణములు చూచి, బేరమాడి, మరల మొదటి దుకాణమునకే వచ్చుట లోకసహజము. అందువలన ఆ వర్తకులకు ఒక్కచోట గుమిగూడి యుండుటయే లాభము. దరీబా కలాన్ వెండికిని, కినారీ బజారు జలతారునకును, ఖారీ బావ్లీ మసాలా దినుసులకును గురుగ్రామము, నోయిడాల నుండి సైతము జనము నేటికిని పోవుచున్నారు.

1929–33 నడుమ నిర్మింపబడిన కన్నాట్ ప్లేస్ ఆనాటి సంపన్నుల అంగడి. దేశవిభజన పిమ్మట దాదాపు ఐదు లక్షల మంది శరణార్థులు ఢిల్లీ చేరగా, పలువురకు దుకాణమే జీవనాధారమైనది. 1951లో వెలసిన ఖాన్ మార్కెట్టు వారి పునరావాసమునకే ఏర్పడినది. అప్పుడే దక్షిణమున ప్రభుత్వోద్యోగుల క్వార్టర్లు లేచినవి. నేడు సరోజినీనగరమనబడు వినయనగర్, రామకృష్ణపురము అట్టివి. దక్షిణాది కుటుంబములు చేరినచోట దక్షిణాది సరకును చేరినది. ఐ.ఎన్.ఏ. మార్కెట్టులో మునగకాయలు, కొబ్బరికాయలు, సముద్రపు చేపలు దొరకుట ఏ ప్రణాళికాకర్తయు తలపెట్టిన పని కాదు!

ప్రభుత్వమును ఊరకుండలేదు. కేంద్రోద్యోగుల కొరకు 1963లో కేంద్రీయ భండార్ స్థాపితమైనది. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గింపగా, ధరల నదుపు చేయుటకు ఆ యేటనే కన్నాట్ సర్కస్ చెంత సూపర్ బజారు వెలసినది. మొదటిది నేటికిని నడచుచున్నది. రెండవది ఈ శతాబ్దారంభమున మూతపడినది. ఉద్యోగుల ఇండ్ల నడుమ అనేక శాఖలతో నిలిచిన సంస్థ బ్రతుకుటలో ఆశ్చర్యము లేదు.

ఇక ఆదాయము మాట. రాబడి పెరిగిన కొలది అందు భోజనవ్యయపు పాలు తగ్గునని జర్మను గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లోనే చూపెను. వేతనసంఘపు బకాయిలు చేతికందిన ప్రతిసారియు ఈ సూత్రము ఉద్యోగి ఇంట ప్రత్యక్షమగును. బియ్యము రెట్టింపు కొనరు, ఫ్రిజ్ కొందురు. ఫ్రిజ్ వచ్చినంతనే నాటికి నాడు కూరలు కొను అలవాటు మారును, వారమునకు సరిపడ ఒక్కసారే తెచ్చుకొందురు. అంత బరువు మోయుటకు బండి కావలెను, బండికి నిలుపుచోటు కావలెను. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతీ కారు ఈ మార్పునకు త్రోవ చూపినది. 1999లో అన్సల్ ప్లాజా తెరచిరి. పిదప సాకేత్, గురుగ్రామములలో మాల్‌లు లేచినవి. పాత బజార్లు పాడుపడునని పలువురు తలచిరి గాని, 2005 జూలైలో మెట్రో కన్నాట్ ప్లేస్ అడుగున నడచిన పిమ్మట అచ్చట మరల కాలు మోపుటకు చోటు లేకున్నది.

దెబ్బ తగులునది మరియొకచోట. చిన్నజీతగాని కుటుంబమునకు నెలాఖరున ఆదుకొనునవి రెండు: పచారీకొట్టు అరువు ఖాతా, సోమబజారు, మంగళబజారు మొదలగు వారపు సంతలు. సంతవానికి అద్దె లేదు. కాన ధర తక్కువ. అతనికి స్థలమును లేదు. 1962 మాస్టర్ ప్లాను పెద్ద వాణిజ్యకేంద్రములను ఊహించినది. నెహ్రూ ప్లేస్ ఆ ఊహ ఫలమే. కాని నివాసవీధులలో చిన్నకొట్లు తమంత తామే పెరిగినవి. 2006లో సుప్రీంకోర్టు ఆజ్ఞపై అట్టివి అనేకము సీలువేయబడగా నగరమట్టుడికినది. 2007 నాటి ప్లాను కొన్ని వీధులలో వానిని అనుమతించినది.

2016లో కేంద్రమంత్రివర్గము దక్షిణ ఢిల్లీలోని ఏడు ఉద్యోగుల కాలనీల పునర్నిర్మాణమునకు ఆమోదించినది. నౌరోజీనగరమున ఇండ్లకు మారుగా వాణిజ్యభవనములు లేచినవి. వాని విక్రయధనము తక్కిన కాలనీల నిర్మాణమునకు ఉద్దిష్టము. లెక్క సరియైనదే. అయితే అంత వెల పెట్టి కొన్న స్థలమున కొత్తిమీర కట్ట అమ్ముట ఎవరికిని గిట్టదు. రెండంతస్తుల క్వార్టర్ల నడుమ తిరిగిన కూరలబండి గోపురములవంటి కట్టడముల కావలివానిని దాటి లోనికి రాజాలదు. ఫోనుపై కోరిన సరకు మాత్రము నిమిషములలో వచ్చును. అందు బేరమునకు తావు లేదు, తెలిసినవాని అరువు లేదు.

వీధివర్తకుల చట్టము 2014లో వచ్చినది. దాని ప్రకారము ప్రతి నగరవర్తక సమితిలో నూటికి 40 మందికి తగ్గకుండ వీధివర్తకుల ప్రతినిధులుండవలెను. వారితోపాటు నివాసుల సంక్షేమ సంఘములకును స్థానము కలదు. కాలనీ సంఘమున నున్న ఉద్యోగులు ఆ స్థానమున కూర్చుండి, తమ వీధి సంత ఎచ్చట నిలువవలెనో, దీపములు ఎన్ని గంటలవరకు వెలుగవలెనో అడుగవచ్చును.